సేద్యకానికి ప్రార్థన

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున 1973 సెప్టెంబరులో సైనికులు చంపిన విక్టర్ హారా అను గాయకుని చావును గూర్చి లోకము చాల చెప్పుకొనినది. అతని పాటలలో ఒకదానిని మాత్రము మీ యెదుట పెట్టుచున్నాను.

హారా 1932లో పేద పల్లె కుటుంబమున పుట్టెను. తల్లి అమండా పెండ్లిండ్లలోను, చావు జరిగిన ఇండ్లలోను గిటారు వాయించి పాడెడిది. ఆమె పోయిన పిమ్మట అతడు గురువు కాగోరి కతోలికుల సెమినరీలో చేరి, రెండేండ్లకు విడిచిపెట్టెను. అక్కడి ప్రార్థనలు మాత్రము అతని నోటిని విడువలేదు. 1969లో శాంతియాగో నగరమందు పాటల పోటీలో మొదటి బహుమానమును పంచుకొనిన "సేద్యకానికి ప్రార్థన" అను పాటయే యిందుకు సాక్ష్యము.

ప్రభువు నేర్పిన ప్రార్థనలోని రాజ్యము, చిత్తము, విడుదల అన్నియు ఇందులో గలవు. అయితే పాట అడుగునది తండ్రిని గాదు, నేల దున్నువానిని. అతని చేతులలో ఎంత బలమున్నదో అతనికే చూపవలెనని దీని యత్నము. చివరకు మరియమ్మ జపములోని మరణ ఘడియ మాటతో ఆమేన్ అనును. రాగము వేడికోలువలె మెల్లగా మొదలై, పోను పోను వేగము హెచ్చి పోరు పిలుపగును. అక్కడనే నాకును పాటకును పేచీ. ప్రార్థనలో కనిపెట్టుట గలదు. ఈ పాటకు అంత ఓపిక లేదు. పైగా దేవుని నడుగవలసినది కూలివాని నడుగుట యేమి? వాని వీపున ఇదివరకున్న మోత చాలదా?

అయినను దీనిని దేవదూషణ యని త్రోసివేయజాలను. కోతపండుగనాడు పనలు తెప్పించుకొని, మిగిలిన యేడాదియంతయు ఆ చేతులను మరచు సంఘమునకు ఈ దెబ్బ తగినదే.

సెప్టెంబరు 11న సైన్యము ప్రభుత్వమును కూలద్రోసెను. మరునాడు హారాను, అతడు పనిచేయు విశ్వవిద్యాలయములోని విద్యార్థులతోను ఉపాధ్యాయులతోను కూడ పట్టుకొని చిలీ స్టేడియమునకు తీసికొనిపోయిరి. అచ్చట కొట్టి, కొన్ని దినములలోనే కాల్చి చంపిరి. దేహమున 40కి పైగా గుండ్లు తగిలెను. చేతులు నరికిరను కథ దేశదేశములకు ప్రాకెను. ఆ దేహమును చూచిన భార్య జోన్, చేతులు విరిగినట్లుండెను గాని తెగలేదని తెలిపెను. చేతులను గూర్చి పాడినవాని కథకు ఆ ముగింపు నప్పునని జనులు తలంచిరేమో! జరిగినదే చాలినంత ఘోరము. దానికి నగిషీ యెందుకు?

జోన్ అతని టేపులను దేశము దాటించెను. 2003లో స్టేడియమునకు అతని పేరే పెట్టిరి. 2019 అక్టోబరులో శాంతియాగో వీధులలో వేలమంది అతని వేరొక పాటను ఎత్తుకొనిరి. హంతకులైన మాజీ సైనికాధికారుల శిక్షలను సుప్రీంకోర్టు 2023లో గాని స్థిరపరచలేదు.

చంపబడినవాని పాటను తూచుటకు మనకు నోరాడదు. కాని ఈ పాట అతడు బ్రతికియుండగా కట్టినది. 1969లో వినినవారికి ఆ మరణ ఘడియ మాట చిన్ననాడు వల్లించిన జపమే. ఇప్పుడు వినువారికి ఆ స్టేడియము కనబడును.