పదివేల అక్షరాల ప్రయోగశాల, పదమూడువందల అక్షరాల బతుకు

దరఖాస్తు ఫారాన్ని పట్టుకొచ్చి విమర్శ కింద పెట్టడమేమిటని కొందరు పెద్దలకు నవ్వు రావచ్చు. నవ్వనివ్వండి. కథనీ పద్యాన్నీ చదివి అందులో ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరిచేత ఎవరు మాట్లాడిస్తున్నారు అని అడగడం నేర్చుకున్నవాళ్ళం. మనల్ని లోపలికి రానిచ్చేవీ, గుమ్మం బయట నిలబెట్టేవీ కావ్యాల కన్నా ముందు ఈ కాయితాలే. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటివాణ్ణి నేను. ఆనాడు దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పాలేరుతనం అని రాయాలా, వ్యవసాయం అని రాయాలా? చివరికి వ్యవసాయం అనే రాశాను. గడిలో పట్టేది అదే.

ఇప్పుడు నా ముందున్న కాయితం అమెరికాది. ఎం.డి., పిహెచ్.డి. రెండూ కలిపి చదివించే కోర్సుకి అక్కడి పిల్లలు పెట్టుకునే దరఖాస్తు. మా పెద్దమ్మ కూతురు గుంటూరులో మిషన్ ఆస్పత్రి నర్సు ట్రెయినింగ్ అయ్యి, గల్ఫ్ మీదుగా అమెరికా చేరింది. మన క్రైస్తవ మాల, మాదిగ పేటల నుంచి అట్లా వెళ్ళిన ఆడవాళ్ళు చాలామందే వున్నారు, వాళ్ళ మీద మన సాహిత్యంలో ఏమంత రాలేదు. ఆ అక్క కూతురు అక్కడే పుట్టి పెరిగింది. తన వ్యాసాలన్నీ పంపి "మావయ్యా, నువ్వు రిసెర్చివాడివి గదా, చదివి చెప్పు" అంది. నాకు సైన్సు రాదు. చదవడమైతే వచ్చు గనక చదివాను.

ముందు కోర్సు సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సొమ్ముతో 1964లో మూడు వైద్య కళాశాలల్లో ఇది మొదలయింది. ఇప్పుడు ఆ సొమ్ము అందుకునే కార్యక్రమాలు యాభై దాటాయి. చదువు సగటున ఎనిమిదేళ్ళు. మొదట రెండేళ్ళు వైద్యం, తరవాత మూడు నుంచి అయిదేళ్ళు పరిశోధన, మళ్ళీ ఆస్పత్రి. ఫీజు వుండదు, పైగా నెలనెలా భత్యం ఇస్తారు. మామూలు వైద్య విద్యార్థి రెండు లక్షల డాలర్ల అప్పు మోసుకుని బయటికొచ్చే దేశంలో ఇది చిన్న సంగతి కాదు. కాయితం మీద చూస్తే డబ్బులేని పిల్లలే ఎగబడాల్సిన చదువు. ఏటా సుమారు రెండువేల మంది పెట్టుకుంటే ఏడువందల మంది దాకా చేరతారు. ఆ చేరేవాళ్ళు ఎవరు అన్నదే మన ప్రశ్న. కేంద్ర నిధితో ఇచ్చే ఆ భత్యానికి పౌరసత్వమో శాశ్వత నివాసమో వుండాలి, కాబట్టి ఇక్కణ్ణుంచి నేరుగా వెళ్ళేవాళ్ళకి తలుపులు చాలా తక్కువ. అది వేరే కథ.

వైద్య కళాశాలలన్నిటికీ దాదాపు ఒకటే దరఖాస్తు. ఎందుకు డాక్టరవుతావు అన్నదానికి 5,300 అక్షరాలు. రెండు డిగ్రీలూ ఎందుకు అన్నదానికి 3,000. చేసిన పరిశోధన గురించి 10,000. చేసిన పనులు పదిహేను దాకా చెప్పుకోవచ్చు, ఒక్కోదానికి 700. ఇక జీవితంలో ఎదురయిన కష్టాలు, అడ్డంకులు ఏమన్నా వుంటే చెప్పుకోడానికి 1,325. ఖాళీలు కూడా అక్షరాల లెక్కలోకే వస్తాయి. పేదరికంలో ఖాళీలెక్కువ గనక ఆ లెక్క మనవాళ్ళకి ఇంకాస్త నష్టమే.

ఈ అంకెలు యథాలాపంగా పడినవని నేననుకోను. ఒక సమాజం దేనికెంత చోటిస్తుందో అందులో దాని విలువలన్నీ వుంటాయి. పరిశోధన కోర్సుకి పరిశోధన గురించే ఎక్కువ అడుగుతారు గదా అంటారు. నిజమే, అడగాలి. అయితే ఆ పదివేల అక్షరాలు నింపడానికి ఏం కావాలో చూడండి. కాలేజీ మొదటి ఏడాదే ఒక ప్రొఫెసరు తలుపు తట్టే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇంట్లో ప్రొఫెసర్లని చూసిన పిల్లలకి వున్నట్టు నర్సు కూతురికి వుండదు. వేసవి సెలవుల్లో జీతంలేకుండానో, చాలీచాలని జీతానికో ల్యాబులో పనిచెయ్యగలగాలి. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్ళు ఆగి పూర్తిగా ల్యాబులోనే వుండగలగాలి. అట్లా ఆగేవాళ్ళకి భత్యమిచ్చే పథకాలు ప్రభుత్వానివే కొన్ని వున్నాయి, లేవని నేను దబాయించను. కానీ ఆ పథకాలకీ దరఖాస్తుంది, ఆ దరఖాస్తులోనూ ముందటి అనుభవం అడుగుతారు. పరీక్ష ఫీజు, మొదటి కళాశాలకి ఫీజు, ఆపైన ఒక్కో కళాశాలకీ మళ్ళీ ఫీజు. ఫీజు సాయం వున్నమాట నిజమే. ఆ సాయం వుందన్న సంగతి చెప్పే మనిషి ఎవరుంటారు?

'ముఖ్యమైన పరిశోధనానుభవం' అన్న ఆ శీర్షిక దగ్గరే నేను చాలాసేపు ఆగాను. వైద్యమూ పరిశోధనా ఒక్కచోట కలిసిన అనుభవం అణగారినవాళ్ళకి లేకేమీ? కావల్సినంత వుంది. అలబామాలో టస్కీగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా నలభై ఏళ్ళపాటు ప్రభుత్వ ఆరోగ్యశాఖే ఆరువందల మంది నల్లజాతి మగవాళ్ళ మీద అధ్యయనం చేసింది. అందులో 399 మందికి సిఫిలిస్ వుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్ళకియ్యలేదు, జబ్బు చివరిదాకా ఎట్లా పోతుందో చూడాలి గనక. మన దగ్గర 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు పద్నాలుగువేల మందికి హెచ్‌పివి టీకాలు వేశారు. వాళ్ళలో ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు చాలామంది. తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సమ్మతిపత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకీ టీకాకీ బహుశా సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. సంబంధం వున్నా లేకపోయినా ఆ సంతకాలు మాత్రం తల్లులవి కావు. 2010 ఏప్రిల్‌లో ఆపించారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. పరిశోధనకి గురయిన అనుభవం ఇది. దీనికి ఆ పదివేల అక్షరాల్లో చోటులేదు. సూది పట్టుకున్నవాడి అనుభవమే అనుభవం, సూది గుచ్చించుకున్నవాళ్ళది 'సమాచారం'.

ఇక ఆ వ్యాసాల తీరు. మా అమ్మాయి నమూనాగా పంపినవి నాలుగయిదు చదివాను. అన్నీ ఒకే కథ. చిన్నప్పుడు ఇంట్లో ఒక జబ్బు, కాలేజీలో ఒక మహానుభావుడైన గురువు, ల్యాబులో ప్రయోగం విఫలమైన రాత్రి, వార్డులో ఒక రోగి కళ్ళు, అప్పుడు వెలిగిన దీపం. రోగి ఎప్పుడూ పేదవాడు, రాసేవాడు ఎప్పుడూ కాడు. నాకు మన పాత అభ్యుదయ కథలు గుర్తొచ్చాయి. అందులోనూ కూలివాడు నాయకుడి కళ్ళు తెరిపించడానికే వస్తాడు, పని అయిపోగానే వెళ్ళిపోతాడు. ఆ మూసలో వ్యాసాలు దిద్దిపెట్టి డబ్బు తీసుకునే సలహాదారులు అక్కడ బోలెడుమంది.

మా అమ్మాయికి తెలిసిన తెలుగు అంకులొకాయన యెల్లాప్రగడ సుబ్బారావు గురించి రాయమన్నాడట. అమెరికాలో తెలుగువాళ్ళకి ఆయన కులదైవం లాంటివాడు. గొప్ప శాస్త్రవేత్తే. మద్రాసులో ఖద్దరు కట్టినందుకు పై డిగ్రీ దక్కకపోయినా, బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్ళు కూలిపని లాంటిది చేసుకుంటూ చదివి 1930లో హార్వర్డ్ పిహెచ్.డి. సాధించాడు. ఆ కష్టాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ కథ చెప్పేవాళ్ళు ఆయన్ని ఓడెక్కించిన డబ్బు సంగతి గబగబా దాటేస్తారు. మామగారు పోగుచేసింది కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇస్తానన్న మాట కొంత. వెనక ఒక ఇల్లూ, ఒక ధర్మనిధీ వుంటేనే సుబ్బారావంతటివాడికి దారి దొరికింది. 'ఒంటరి పట్టుదల' అని రాస్తే అందులో సగమే నిజం.

1,325 అక్షరాల గడికి వస్తాను. అంతకుముందు ఆ దరఖాస్తులో 'నువ్వు వెనకబడ్డ నేపథ్యం నుంచి వచ్చావా' అన్న ప్రశ్న వుండేది. 2023లో మొదలైన దరఖాస్తుల నుంచి దాన్ని తీసేసి 'ప్రభావం చూపిన ఇతర అనుభవాలు' అని పెట్టారు. మాట మెత్తబడింది. వెనకబడ్డావా అంటే ఎవరో వెనక్కి నెట్టారన్న అనుమానమన్నా మిగిలేది. అనుభవం అంటే అది నీ సొంత వ్యవహారం. అదే ఏడాది జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో జాతిని లెక్కలోకి తీసుకునే ప్రవేశ పద్ధతి చెల్లదంది. అయితే ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక చిన్న కిటికీ వదిలాడు. జాతి తన బతుకుని ఎట్లా తాకిందో అభ్యర్థి వ్యాసంలో చెప్పుకోవచ్చట. కాకపోతే దాన్ని తన ధైర్యానికో సామర్థ్యానికో ముడిపెట్టాలి, మనిషిని విడిగా ఒక వ్యక్తిగానే చూడాలి. అంటే హక్కు పోయి కథ మిగిలింది. దాదాపు రెండువందల యాభై ఏళ్ళ బానిసత్వాన్ని ఒక్కో పిల్ల ఒంటరిగా, చక్కటి భాషలో, ఆశావహమైన ముగింపుతో రాసిపెట్టాలి. బాగా రాసిన దుఃఖానికే సీటు. ఇది వ్యాసరచన పోటీ కాకపోతే ఏమిటి?

ఈ పోరాటం రెండు దేశాల్లోనూ వైద్య కళాశాల గుమ్మం దగ్గరే జరగడం కాకతాళీయం కాదు. కాలిఫోర్నియాలో డేవిస్ వైద్య కళాశాల వంద సీట్లలో పదహారు విడిగా పెడితే అలన్ బక్కీ అనే తెల్లవాడు కోర్టుకెళ్ళాడు. 1978లో ఆ పదహారూ చెల్లవన్నారు. ఇక్కడ అప్పటికి మనమూ భాగమైన మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనకబడ్డ హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ముస్లింలకి ఒకటి, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి. దానిమీద చంపకం దొరైరాజన్ కోర్టుకెళ్ళింది. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆమె అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదు! వాకబు చేసి, సీటు రాదని తెలుసుకుని నేరుగా కోర్టుకెళ్ళింది, ఆ సంగతి తీర్పులోనే వుంది. దరఖాస్తు పెట్టకుండానే దేశం చట్టాన్ని కదిలించగలిగిన కులమూ వుంది, పెట్టిన దరఖాస్తు ఏమయిందో అడగలేని కులాలూ వున్నాయి. ఆ తీర్పు తరవాతే మొదటి రాజ్యాంగ సవరణ, 15(4) వచ్చాయి. అక్కడ అది కథగా మారితే ఇక్కడ అది కనీసం రాజ్యాంగంలో వాక్యంగా నిలబడింది. నా సర్టిఫికెట్ చూపిస్తే చాలు, నా కన్నీళ్ళు చూపించనక్కర్లేదు.

అయినా మనం మరీ గర్వపడే పనిలేదు. 2016లో యూజీసీ నిబంధనలు రాతపరీక్షని అర్హతకి మాత్రమే వుంచి, పిహెచ్.డి. ప్రవేశాన్ని మొత్తంగా మౌఖిక పరీక్ష చేతిలో పెట్టాయి. జెఎన్‌యూ విద్యార్థులు కొట్లాడారు. 2018లో గానీ డెబ్భై, ముప్ఫయిగా మార్చలేదు. బల్ల అవతల కూర్చున్నవాళ్ళు ఇంటిపేరు చూసి, ఊరు అడిగి, ఊళ్ళో ఎటువైపు అని కూడా అడిగే గదిలోకి నేనూ వెళ్ళొచ్చాను. ఇప్పుడు వైద్యం, పరిశోధన కలిపిన చదువు మన దగ్గరా పెరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ 2022లో 425 కోట్ల విరాళంతో వైద్య కళాశాల ప్రకటించినప్పుడు అలాంటి జంట డిగ్రీనే ముందుపెట్టింది. ఈ కోర్సుల్లో ఎంపిక సంఘాల కూర్పు ఏమిటి, మౌఖిక పరీక్షకి మార్కులెన్ని, వెనక్కిపోయిన రిజర్వు సీట్లెన్ని అని విద్యార్థి సంఘాలు ఇప్పుడే అడగడం మొదలెట్టాలి. భవనం లేచాక అడిగితే వినేవాడుండడు.

మా అమ్మాయి దరఖాస్తులో ఇంకో చిక్కుంది. అమెరికా ఫారంలో ఆమె 'ఏషియన్'. పేరుమోసిన అగ్రవర్ణ డాక్టర్ల పిల్లలూ ఏషియన్లే. వైద్యరంగంలో ఏషియన్లు తక్కువేమీ లేరు, కాబట్టి ఆమె పట్ల ఎవరికీ ఏ బాధ్యతా లేదు. కులం ఆ ఒక్క మాట కింద చక్కగా మాయమైపోతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది, అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లుని గవర్నరు తోసిపుచ్చాడు. అంటే ఆ దేశంలో కులానికి పేరింకా పూర్తిగా పెట్టలేదు. పేరులేనిదాన్ని 1,325 అక్షరాల్లో ఎట్లా చెప్పడం? "మావయ్యా, కులమంటే ఏమిటో వాళ్ళకి చెప్పేసరికే సగం అయిపోయింది. మిగతా సగంలో అమ్మమ్మ గురించి ఏం రాయను?" అంది. అమ్మమ్మ, అంటే మా పెద్దమ్మ, మంత్రసాని పనికి పిలిస్తే కమ్మోరిళ్ళకి పెరటి దారిన వెళ్ళేది. బిడ్డని పట్టిన చేతులతో ఆ ఇంటి మంచినీళ్ళ బిందె ముట్టుకోకూడదు. వైద్యానికీ అంటరానితనానికీ వున్న సంబంధం మీద ఇంతకంటే పరిశోధనాంశం ఎవరన్నా చెప్పగలరా?

ఇంకొకటి కూడా ఆమె భయం. ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో మన దేశపు డాక్టరే వుంటే? తెల్లవాడికి కులం అర్థంకాదు, ఆయనకి మరీ బాగా అర్థమవుతుంది. రాస్తే ఒక చిక్కు, రాయకపోతే ఒక చిక్కు. రాయమని నేను చెప్పాను. చెప్పడం నాకు తేలికే, ఎనిమిదేళ్ళ చదువు పణంగా పెట్టేది తను.

వారం తరవాత మార్చిన ప్రతి వచ్చింది. కులమన్న మాట వుంది. అమ్మమ్మ వాక్యం లేదు. ఫోనులో అడిగితే "చోటు చాల్లేదు మావయ్యా, ఇంటర్వ్యూలో అడిగితే చెప్తా" అంది. ఆ వాక్యాన్ని పరిశోధన వ్యాసంలోకి మార్చమన్నాను, అక్కడ పదివేల అక్షరాలున్నాయి గదా అని. అది ల్యాబు గురించి మాత్రమే రాయాలని వాళ్ళ సలహాదారు చెప్పిందట. రాసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.