ఎదురింటి డాబా

ఆదివారం పూట ఎంఎస్ మక్తాకి కెమెరాలు వస్తాయి. రాజ్‌భవన్ రోడ్డుకీ హుస్సేన్‌సాగర్‌కీ మధ్య ఇరుక్కున్న బస్తీ అది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు చిత్రకారుల్ని పిలిపించి అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. హైదరాబాద్ జంట స్వాతి, విజయ్ వేసినవీ అందులో ఉన్నాయి. అప్పట్నుంచి రంగుల ముందు నిలబడి, ఒక కాలు వెనక్కి మడిచి గోడకి తన్నిపెట్టి ఫోటో దిగడం ఓ తంతు. ఆ కాలు ఆనిన చోట మట్టి మరకలు పడతాయి. నేను ఆ మరకల్ని కూడా తీస్తాను.

నాకు కావలసిన ఫోటో చూడ్డానికి ఏమంత బావుండదు. గోడకి సరిగ్గా ఎదురుగా నిలబడి, ఆ కొస నుంచి ఈ కొస దాకా, పునాది రాయి నుంచి పిట్టగోడ దాకా, మనుషులెవరూ పోజు పెట్టకుండా తీసింది. రెవెన్యూ ఆఫీసు ఫైల్లో పెట్టుకునేలా ఉంటుంది. లైకులు రావు. కానీ గోడ బొమ్మల విషయంలో పదేళ్ల తర్వాత ఎవరైనా వెతుక్కునేది దీన్నే అని నా పట్టుదల.

చెప్పినంత సులువు కాదు. బస్తీ సందులో వెనక్కి జరుగుదామంటే రెండడుగులకే వీపుకి ఎదురింటి తలుపు తగులుతుంది. కెమెరాని పైకి ఎత్తితే ఇల్లు వెనక్కి ఒరిగిపోతున్నట్టు, పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నట్టు పడుతుంది. ఫోన్లో వెడల్పు లెన్సు పెడితే గోడంతా పడుతుంది గానీ అంచుల్లో ఉన్న ముఖాలు సాగిపోతాయి. చిత్రకారుడు గుండ్రంగా వేసిన బుగ్గని కోలగా మార్చే హక్కు నాకెక్కడిది? కెమెరా కూడా గోడకి సగం ఎత్తులో ఉండాలి. అంటే ఎదురింటి డాబా ఎక్కాలి. అంటే అడగాలి.

“ఎవరు మీరు, జీహెచ్ఎంసీ నుంచా?” అని మొదటి ప్రశ్న. ఎక్కువమందిది అదే భయం.

“కాదమ్మా. ఎదురుగోడ ఫోటో తీసుకుంట.”

“మా ఇల్లు పడదు కదా అందులో?”

“పడదు.”

“అయితే ఎక్కు. బట్టలు తడివున్నయ్, జర పక్కకి జరిపి తీస్కో.”

డాబా మీంచి తీసిన ఫోటోకి సగం పని అప్పటికే అయిపోతుంది. మిగతా సగం వెలుతురుది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు సన్నటి సందులో గోడ రెండు ముక్కలవుతుంది. పైన తెల్లగా మండిపోతుంది, కింద చీకటి. మబ్బు పట్టిన జులై పొద్దు దీనికి మహాప్రసాదం. నీడలు ఉండవు, రంగు ఎంత ఉందో అంతే పడుతుంది. ఒక్క చిక్కు. ఫ్రేము నిండా ఒకటే నీలం ఉంటే కెమెరా దాన్ని తప్పు అనుకుని సరిదిద్దేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదలకుండా, గోడ దగ్గర ఓ తెల్లకాగితం పట్టి చూసుకుంటే మంచిది. అన్ని గోడలకీ మబ్బు నప్పదు మరి. ఢిల్లీ లోధీ కాలనీలో డాకు అనే కళాకారుడు గోడకి అడ్డంగా అక్షరాలు బిగించాడు. ఎండ పైకెక్కితే వాటి నీడలు పడి మాటలవుతాయి. సూర్యుడు దిగితే ఆ మాటలూ పోతాయి. దానికి ఒక్క ఫోటో ఏ మూలకి?

ఈ పనికి పెద్దలున్నారు. 1984లో న్యూయార్క్ రైళ్ల మీది బొమ్మలతో ‘సబ్‌వే ఆర్ట్’ అనే పుస్తకం వచ్చింది. ఫోటోలు తీసింది ఇద్దరు. మార్తా కూపర్ రైలు వెనక ఊరినీ, మనుషుల్నీ కలిపి తీసేది. హెన్రీ చాల్ఫంట్ ఎదుటి ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైలు ఆగిన ఆ కాసేపట్లో పక్కకి జరుగుతూ వరసగా క్లిక్ కొట్టి, తర్వాత ఆ ముక్కల్ని అతికించి పెట్టె మొత్తాన్ని చూపించేవాడు. కళ్లు ఆగేది కూపర్ ఫోటోల మీదే, నావి కూడా. అయితే ఆ రైళ్లన్నిటినీ కడిగేశారు. 1989 నాటికి బొమ్మలున్న రైలు పట్టాల మీద లేకుండా చేశారు. ఏ పెట్టె మీద ఏ అక్షరం ఏ వంపు తిరిగిందో ఇవాళ చూడాలంటే చాల్ఫంట్ దగ్గరికి పోవాల్సిందే.

మక్తాలో ఎవరూ కడగక్కర్లేదు. బస్తీలో ఇల్లు ఊరికే ఉండదు. కొడుక్కి పెళ్లి కుదిరితే పైన ఓ గది లేస్తుంది. కొత్త కరెంటు మీటరు పులి కంట్లో బిగుస్తుంది. నల్లా పైపు నెమలి మెడ మీదుగా దిగుతుంది, టులెట్ బోర్డు వేలాడుతుంది. వాటిని తప్పించి ఫ్రేము కట్టేవాళ్లతో నాకు పేచీ. మీటరు లేని పులి కావాలంటే చిత్రకారుడి స్కెచ్ బుక్కు ఉంది. ఇల్లు వాళ్లది. గోడ ఇచ్చారు గానీ కాపురం ఆపేస్తామని మాటివ్వలేదు.

ఇంకో పేచీ సంతకం దగ్గర. చిత్రకారులు ఎక్కువగా కింద మూల, మోకాలి ఎత్తులో పేరు రాస్తారు. సరిగ్గా అక్కడే బైకు నిలబడి ఉంటుంది. బైకు యజమాని కోసం కాచుకునే ఓపిక లేక ఆ మూలని కోసేస్తే, ఫోటో కింద తీసినవాడి పేరే మిగులుతుంది.

చట్టం కూడా ఇక్కడ మనవైపు పూర్తిగా లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించుకోవచ్చని ఉంది. ఆ వాక్యంలో పెయింటింగ్ మాట లేదు. సొంతానికి దాచుకుంటే అడిగేవారుండరు. అమ్మకానికి పెడితే కథ వేరు. 2023లో ఓ బీమా కంపెనీ తన ప్రకటనలో గోడ బొమ్మని వాడుకుంటే వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది.

నా ఫోటోలతో గోడ క్యాలెండర్ వేద్దామని ఈమధ్య ఓ మిత్రుడు ఉత్సాహపడ్డాడు. ముందు పన్నెండు గోడలకీ ఎవరెవర్ని అడగాలో రాయమన్నాను. చిత్రకారుడు, వేయించిన సంస్థ, ఇంటివాళ్లు అని వరసగా రాసుకుంటూ పోయాడు. జనవరి పూర్తయ్యేసరికే పెన్ను పక్కన పెట్టి, “పోనీ, హుస్సేన్‌సాగర్ బుద్ధుడితో వేసుకుందామా?” అన్నాడు.