కేబిన్‌లో చలి రాత్రి

కోయంబత్తూరు తెలుగు ఇళ్లలో మోటారు కబుర్లకు లోటు లేదు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో బతుకు మొదలుపెట్టిన కథ మనకు కంఠతా వచ్చు. బండి తోలడం గురించి ఇంత చెప్పుకుంటాం గానీ, బండి ఆపి రాత్రంతా అందులోనే పడుకోవడం గురించి ఎవరూ మాట్లాడరు. అదీ ఒక విద్యే.

మేట్టుపాళయంలో ఉక్కపోతతో బయల్దేరిన లారీ 14 హెయిర్‌పిన్ మలుపులెక్కి, కూనూరు దాటి, 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీ చేరుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. క్యారెట్ లోడు కోసం ఆగిన డ్రైవరుకు కేబినే ఇల్లు.

మా మేనమామ ఆ దారిలో కూరగాయల లారీ తోలేవాడు. పాత లారీల్లో ఇంజన్ మూత డ్రైవరు, క్లీనరు సీట్ల మధ్యే ఉంటుంది. ఘాటెక్కి ఆగాక అది కాసేపు వెచ్చగా ఉంటుంది. మామ కంబళిని దాని మీద పరిచి కాగనిచ్చేవాడు. ఈలోగా చెమట చొక్కా విప్పి పొడిది తొడుక్కునేవాడు. ఒంటికింద మడత పెట్టిన గోనెసంచులు, అద్దాలకు లోపలివైపు అట్టముక్కలు. "కప్పుకునేదానికంటే పరుచుకునేది ముఖ్యంరా" అనేవాడు. నిజమే, రేకు ఒంటి వేడిని లాగేస్తుంది. గోనెపోగుల్లో నిలిచిన గాలి దాన్ని ఆపుతుంది. ఎంత చలైనా ఒక అద్దం వేలెడు దించే ఉంచేవాడు. లేకపోతే ఊపిరి తేమకు కంబళి చెమ్మగిల్లి, తెల్లారేసరికి వెచ్చదనమంతా పోతుంది.

ఒంట్లోని వేడిని ఒంట్లోనే నిలుపుకోవాలి. ఈ విద్య సారమంతా అంతే. కేబిన్‌లో కుంపటి పెట్టడం, స్టౌ వెలిగించడం, ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాడికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ పోతుంది. వేలెడు సందు ఆ విషాన్ని పోగొట్టలేదు. మందు తాగితే చర్మం వెచ్చబడినట్టుంటుంది గానీ, లోపలి వేడి అంత త్వరగా బయటికి పోతుంది.

చలిదేశాల లారీల్లో, ఇంజన్ ఆపినా పనిచేసే డీజిల్ హీటర్లుంటాయి. వాటి పొగ వేరే గొట్టంలో బయటికి పోతుంది. మన దేశంలో 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ సరుకు లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ పాత బండ్లకు ఆ నిబంధన లేదు, ఆగిన బండిలో రాత్రి కష్టమూ తీరలేదు.

లారీ యజమానులకు నా విన్నపం ఒకటే. ప్రతి కేబిన్‌లో మందపాటి పరుపు, రెండో కంబళి పెట్టించండి. ఒక్క టైరు ఖరీదులో అదెంత? మండీల దగ్గర పడుకోవడానికి గది, వేడినీళ్లు ఏర్పాటు చేయండి. రాత్రి నిద్రపట్టని ఆ మనిషే తెల్లారి నిండు లోడుతో ఘాటు దిగాలి. అదే ఘాటులో, ఆ లారీ ముందు వెళ్లే బస్సులో మన పిల్లలు ఉంటారు.