ఆదివారానికో ఊరు

వేసవి సెలవులిచ్చారంటే మా సంఘాల్లో ఒక సందడి మొదలవుతుంది. ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కొండ పల్లెల్లో సేవ చేసే తెలుగు మిషనరీ కుటుంబాలు, నెలనెలా కానుక పంపే సంఘాలను చూసి పోవడానికి వస్తాయి. దీన్ని ఇప్పటికీ ఫర్లో అనే అంటాం. పేరుకు సెలవే కానీ, ఈ ఆదివారం కావలి, వచ్చే ఆదివారం చీరాల, మధ్యలో బుధవారం స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. సంచులు పూర్తిగా విప్పకముందే మళ్లీ బస్టాండు. ఇలా వచ్చేవాళ్లను మా ఇంట్లో దించుకోవడం మా అత్తగారి రోజుల నుంచీ ఉంది. పక్కలు వేయడం, అన్నం పెట్టడం చేతనైన పనులే. వాళ్లు చెప్పేది వినడం మాత్రం చాలా ఏళ్లు పట్టి నేర్చుకోవలసిన పనని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఒంగోలులో పుట్టినదాన్ని కనుక ఫర్లో అంటే నాకు మొదట గుర్తొచ్చేది 1862. ఆ ఏడు లైమన్ జ్యూయెట్ దొరగారు ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్నారు. శామ్యూల్ డే గారు 1836లో మొదలుపెట్టిన బాప్టిస్టు తెలుగు మిషన్ అప్పటికి పాతికేళ్లు దాటింది. ఇన్నేళ్ల తర్వాత చూపించడానికి నెల్లూరులో ఒక చిన్న సంఘం తప్ప ఏమీ లేదు. సముద్రానికి అవతల బర్మాలో అదే బోర్డు పంపినవాళ్ల దగ్గర వేల మంది చేరుతున్నారు. డబ్బిచ్చేవాళ్లు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడరా? 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషన్ సభలోనే నెల్లూరును మూసేద్దామన్న మాట వచ్చింది. మ్యాపు మీద ఒక్క చుక్కలా ఉన్న ఆ ఊరి మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు ఆ రాత్రే ఒక పద్యం రాసి, మర్నాడు సభ మనసు మార్చారని చెబుతారు. తొమ్మిదేళ్లకు ప్రావిడెన్స్‌లో మళ్లీ అదే చర్చ. ఈసారి జ్యూయెట్ గారు స్వయంగా అక్కడున్నారు. మీరు పంపినా పంపకపోయినా నేను వెనక్కి పోతాను, తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే పోతాను అన్నారట. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా తోడొకణ్ణి పంపాలి కదా అని కార్యదర్శి ఒప్పుకున్నారట. ఆ తోడే జాన్ క్లౌ. 1864లో వాళ్లు ఓడెక్కారు. ఒంగోలు మిషన్ కథంతా ఆ తర్వాతిదే.

ఈ కథ మా సండే స్కూల్లో ఎన్నోసార్లు విన్నాను. దొరగారి పట్టుదల గురించే చెప్పేవారు. ఇప్పుడు నా ఆలోచన ఎదురుగా కూర్చుని విన్నవాళ్ల మీదికి పోతోంది. పాతికేళ్ల ఖర్చుకు లెక్క చూపించలేని మనిషి వచ్చి ఇంకొంత కాలం ఇవ్వండి అంటే, ఇచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మా ఒంగోలు కొండ మీద జ్యూయెట్ దంపతులతో పాటు మోకరించిన మన వాళ్లు క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఆ ప్రార్థనకు అప్పటికి కనిపించే జవాబేమీ రాలేదు. జవాబు రాని ప్రార్థన గురించి చెప్పుకునే చోటు ఒకటి దొరికింది కాబట్టే నేను ఈ రోజు ఈ కాలమ్ రాస్తున్నాను.

ఫర్లోల్లో ఆ మిషనరీలు చేసిన పని తక్కువేమీ కాదు. క్లౌ గారు 1872లో అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి రామాయపట్నం సెమినరీ కోసం యాభై వేల డాలర్లు పోగుచేశారు. 1876లో కెనడా వెళ్లిన మిషనరీ టింపనీ గారి మాటలు విని అక్కడి బాప్టిస్టు ఆడవాళ్లు తమ సొంత మిషనరీ సమాజం పెట్టుకున్నారు. ఇదంతా విశ్రాంతి కోసమని వెళ్లిన మనుషులు చేసింది. తిరిగొచ్చేటప్పుడు చాలామంది తమ పిల్లల్ని అక్కడే వదిలి వచ్చేవారు. మసాచుసెట్స్‌లోని న్యూటన్ సెంటర్‌లో, ఒహాయోలోని గ్రాన్‌విల్‌లో మిషనరీల బిడ్డల కోసమే గృహాలు ఉండేవి. తల్లిని మళ్లీ చూడటానికి ఏడెనిమిదేళ్లు పట్టే పిల్లలు వాళ్లు. రిపోర్టుల్లో ఈ సంగతి ఎక్కడో ఒక్క వాక్యంలో ఉంటుంది.

క్లౌ గారి పేరు చెప్పగానే అందరూ 1878 జూలై 3 అంటారు. గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. దానికి ముందు ఏం జరిగిందో తక్కువగా చెప్పుకుంటాం. 1876-78 కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని, అడుగుతున్నవాళ్లకు కూడా ఏడాదికి పైగా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ మధ్యలో ఆయన ఫర్లోకి వెళ్లి ఉంటే, ఈ ఏడు ఎంతమంది అన్న ప్రశ్నకు చెప్పవలసిన జవాబు సున్నా. నా దృష్టిలో ఆ మిషన్ చేసిన గొప్ప పనుల్లో ఆ సున్నా ఒకటి.

మనమూ పంపే వాళ్లమయ్యాం. 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు, తేయాకు తోటల్లో కూలికి పోయిన మన వాళ్ల దగ్గరికి పంపారు. ప్రావిడెన్స్ సభ జరిగిన నలభై ఒక్క ఏళ్లకే. పూట గడవడం కష్టమైన ఇళ్ల నుంచి పోగైన కానుకలతో ఆ పని జరిగింది. వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు మా పల్లెల్లో ఇంకా ఉంది. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలని ఆ తల్లికి ఉండటం న్యాయం. ఆ న్యాయమైన కోరికే మెల్లగా మిషనరీ మెడకు చుట్టుకుంటుంది.

కిందటేడు మా ఇంట్లో దిగిన కుటుంబం రాయగడ వైపు కొండల్లో పనిచేస్తోంది. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రొజెక్టర్ మీద ఫొటోలు చూపించారు. రేకుల షెడ్డు, చెట్టు కింద పిల్లలు, ముక్కుపుడకల ముసలమ్మ. తర్వాత వాళ్ల పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, ఏదీ, ఆ కువి భాషలో ఒక పాట పాడు నాన్నా అన్నారు పెద్దలు. వాడు తలొంచుకుని పాడాడు. అన్ని ఊళ్లలోనూ అదే పాట పాడిస్తున్నారట. ఆ ముసలమ్మ ఫొటో చూస్తుంటే నాకు మా ముత్తవ్వ తరం గుర్తొచ్చింది. ఒకప్పుడు అమెరికాలో చర్చి గోడల మీద మ్యాజిక్ లాంతరు వెలుగులో నిలబడ్డది మన ఆడవాళ్లే. వాళ్ల పేర్లు అక్కడ ఎవరూ అడిగి ఉండరు. మేమూ అడగలేదు.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ అమ్మగారు అన్నది: "ఈ ఏడు ఒక్కరు కూడా రాలేదక్కా. వచ్చేవాళ్లలో ఇద్దరు వెనక్కి పోయారు. చిన్నవాడికి మలేరియా రెండుసార్లు తిరగబెట్టింది. ఇవన్నీ చెబితే సపోర్టు ఆగిపోతుందేమోనని ఆయనకు భయం." అసలైన రిపోర్టు అది. స్టేజీ మీద ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, మూడేళ్ల కిందటి మంచి సంగతులు చెప్పారు. ఆయన భయం ఉత్తదే అనే ధైర్యం నాకు లేదు. అలా ఆగిన సపోర్టులు చూశాను.

నెలకు కొంత పంపుతున్నాం కాబట్టి ఫలితం చూపించమనే హక్కు మనకుందని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది. డబ్బుకు పైసాతో సహా లెక్క అడగాలి, గట్టిగా అడగాలి. మనుషులకు లెక్క అడగకూడదు. అడిగితే వాళ్లు తలలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అక్కడి పల్లెవాళ్లకు అది తెలిసిపోతుంది, పని అక్కడే చెడుతుంది.

ఈ మే నెలలో రాబోయే కుటుంబానికి మా స్త్రీల సమాజం తరఫున ముందే ఉత్తరం రాశాం. మొదటి రెండు ఆదివారాలు ఎక్కడా ప్రసంగం పెట్టుకోవద్దని, అమ్మగారు చాలాకాలంగా వాయిదా వేస్తున్న పంటి వైద్యం, పిల్లకు కళ్లజోడు ఆ రోజుల్లోనే చూసుకుందామని, పిల్లల్ని స్టేజీ ఎక్కించబోమని. ఇంకొకటి కూడా అడిగాం. ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పేర్లు తెలుసుకుని రమ్మని. రిపోర్టు ఫారంలో 'ఎంతమంది' అన్న గడి తీసేసి 'ఏం జరిగింది' అని పెట్టాలన్న మా ప్రతిపాదనకు కోశాధికారిగారు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే కమిటీలో మళ్లీ ఎత్తుతాను.