పది చేపల ముక్క

రెండున్నర అంగుళాల గుండ్రటి బిళ్ల. ఎర్రటి నేల మీద పది తెల్ల చేపలు. ఎనిమిది చేపలు అంచు వెంట వలయం కట్టి, తలలు లోపలికి పెట్టి ఉన్నాయి. మధ్యలో ఉన్న రెండూ ఒకదాని తల పక్కన ఇంకొకదాని తోక వచ్చేలా పడుకున్నాయి. ఒక్కో చేప అర అంగుళానికి మించదు. అయినా ప్రతి చేపకీ మొప్ప దగ్గర ఒక వంపు గీత ఉంది, వెన్ను మీద రెక్క ఉంది, కన్ను ఉన్నచోట ఒక నల్ల చుక్క ఉంది. దశావతార గంజీఫా కట్టలో ఇది మత్స్యం పది. ఇంతకన్నా ఆడంబరమైన ముక్కలు ఈ కట్టలో చాలా ఉన్నాయి. ఎవరైనా చూస్తామని అడిగితే నేను మాత్రం ముందు దీన్నే తీస్తాను.

గంజీఫా అంటే చేత్తో బొమ్మలు వేసిన పేకముక్కలు. మనం ఆటీను, ఇస్పేటు, కళావరు అనుకునే చోట ఇక్కడ మత్స్యం, కూర్మం, వరాహం అని పది అవతారాలుంటాయి. అవతారానికి ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు. మొత్తం 120. ముగ్గురు ఆడితే మనిషికి 40 వస్తాయి, నలుగురైతే 30. బెంగాల్లోని బిష్ణుపూర్‌లో అయిదుగురు కూర్చుంటారు, అప్పుడు 24. తురుపు లేదు. చాలాచోట్ల పగటి ఆటను రాముడి రాజు ఉన్నవాడు మొదలుపెడతాడు, రాత్రి ఆటను కృష్ణుడి రాజు ఉన్నవాడు.

ఇప్పుడు చిత్రకారుడి ఇబ్బంది ఆలోచించండి. నలభై ముక్కలు ఒక చేతిలో విప్పి పట్టుకుంటే ఒక్కో ముక్కలో కనబడేది సన్నటి అంచు మాత్రమే. మన పేకముక్కకి మూలన అంకె ఉంటుంది, పక్కనే గుర్తు ఉంటుంది. గుండ్రటి బిళ్లకి మూల ఎక్కడిది? అందుకని ఒక్కో అవతారానికి ఒక్కో నేల రంగు పెట్టి, ఆ రంగును అంచు దాకా తీసుకొచ్చారు. అంచు చూడగానే అవతారం తెలుస్తుంది. తర్వాత బొటనవేలితో పై ముక్కను కాస్త జరిపితే అంకె తెలియాలి. లెక్కపెట్టుకుంటూ కూర్చునే వ్యవధి ఆటలో దొరకదు, ఒక్క చూపులో తేలిపోవాలి.

నా దగ్గరున్న కట్టలో ఈ చిక్కును విప్పిన తీరు చూస్తే ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆరు చేపల ముక్కలో ఆరూ వలయంగా ఉంటాయి, మధ్య ఖాళీ. ఏడులో అదే వలయం, మధ్యలో ఒక చేప. ఎనిమిదికి వలయమే ఎనిమిదవుతుంది, మధ్య మళ్లీ ఖాళీ. తొమ్మిదికి మధ్యలో ఒకటి, పదికి రెండు. అంటే పెద్ద అంకెల దగ్గర కన్ను వలయాన్ని లెక్కపెట్టక్కర్లేదు. వలయం ఒత్తుగా ఉందా పలచగా ఉందా అని ఒక చూపు, మధ్యలో ఏముందని ఇంకో చూపు, అంతే. వలయంలోని చేపల తలలన్నీ కేంద్రం వైపు తిరిగి ఉండడంతో ముక్కకి తలకిందులనేదే లేదు. ఎలా చేతికొచ్చినా ఒకేలా కనబడుతుంది. ఏడు చేపల ముక్క అన్నిటికన్నా నిండుగా అనిపించడానికి రేఖాగణితంలో కారణం ఉంది. ఒకే కొలత బిళ్లల్ని పక్కపక్కన పేరిస్తే ఒక బిళ్ల చుట్టూ సరిగ్గా ఆరే పడతాయి, సందు మిగలదు, ఇరుకూ ఉండదు.

అవతారాల్లో సగానికి వరస తిరగబడడం ఈ ఆటలో ఇంకో విశేషం. మత్స్యం, కూర్మం లాంటి మొదటి అయిదింటిలో మంత్రి తర్వాత పది పెద్దది, ఒకటి అన్నిటికన్నా చిన్నది. పరశురాముడి నుంచి కల్కి దాకా ఉన్న అయిదింటిలో ఒకటే పెద్దది, పది చిట్టచివరిది. ఒక్క గొడ్డలి పది గొడ్డళ్లని కొడుతుంది. నా కట్టలో పరశురాముడి ఒకటి మీద గొడ్డలి బిళ్లంతా ఆక్రమించి ఉంటుంది. పిడికి చుట్టిన తాడు ముడులు కూడా కనబడతాయి. పది గొడ్డళ్ల ముక్కలో ఆ ముడులు లేవు, ఒక్కో పిడికి రెండే గీతలు. ఆటలో ముక్క విలువెంతో బొమ్మలో శ్రద్ధ అంత.

మా బండారులంక నేతవాళ్ల ఊరు. పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం చూస్తూ పెరిగినవాళ్లకి గంజీఫా బిళ్ల పుట్టుక పరాయిగా అనిపించదు. రెండు చోట్లా మెత్తని నూలుకి పొగరు తెప్పించడమే పని. బిళ్లకి ఆధారం పాత నూలుబట్ట. కొత్త బట్టకన్నా ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట జిగురును బాగా పీలుస్తుంది. చింతపిక్కల్ని నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడకబెడితే చిక్కటి జిగురు వస్తుంది. దాన్ని రాసి రెండు మూడు పొరల బట్టను ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. ఆరాక అదే జిగురులో సుద్దపొడి కలిపి రెండు వైపులా పూస్తారు. ఒక్క వైపే పూస్తే ఆ వైపు ఆరుతూ బట్టను లాగేసి బిళ్ల దోనె తిరుగుతుంది. రెండు వైపులా సమంగా పూస్తే రెండు లాగుళ్లూ సరిపోయి చదునుగా నిలుస్తుంది. పూత మందమైతే వంచినప్పుడు పగులుతుంది, పలచనైతే నేత గళ్లు పైకి కనబడతాయి. ఆ మధ్యస్థం చేతికి తెలియాల్సిందే. చివర నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు తెస్తారు, తర్వాత గుండ్రంగా కత్తిరిస్తారు. తెలంగాణలో చేర్యాల నకాషీ పటానికి గుడ్డ సిద్ధం చేసే పద్ధతి దీనికి దగ్గరి చుట్టం. అక్కడా చింతగింజల జిగురు, సుద్ద మట్టి, గంజి, బంక.

నా కట్ట పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌ది. అక్కడ జిగురు కాచడం, గుడ్డ తయారుచేయడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల చేతిమీద నడుస్తుంది. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపం మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, పసుపు హరిదళం నుంచి వస్తాయి. రంగు పట్టి ఉండడానికి వెలగ బంక కలుపుతారు. నేల రంగు ముందు, ఆ మీద తెల్లటి చేప ఒళ్లు, అది ఆరాక మొప్ప, రెక్క, పొలుసు, అన్నిటికన్నా చివర కన్ను. తెల్లరంగు పలచగా ఉంటే కింది ఎరుపు పైకి తేలి చేప గులాబీ రంగుకి తిరుగుతుంది. చిక్కగా ఉంటే కుంచె చివర ముద్ద కట్టి తోక సన్నబడదు. నా పది చేపల్లో ఒక్కటి కూడా గులాబీగా లేదు, ఒక్క తోకా మొద్దుబారలేదు.

ఇక వెనక వైపు. చూసేవాళ్లు అసలు పట్టించుకోనిది అదే. చేత్తో చేసిన 120 ముక్కల వీపులు అచ్చం ఒకేలా ఉండాలి. ఒక చోట కుంచె గీత తేలినా, రంగు ఒక ఛాయ మారినా, ఎదుటివాడు రెండు ఆటల్లో ఆ ముక్కను గుర్తుపట్టేస్తాడు. అందుకే సాధారణంగా వెనక బొమ్మ పెట్టరు, ఒకే రంగు పూస్తారు. బిష్ణుపూర్‌లో లక్కలో సింధూరం కలిపి పూస్తారు. లక్క పూత కుంచె జాడల్ని మూసేస్తుంది, చేతి చెమట నుంచి ముక్కను కాపాడుతుంది, ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. ముందు వైపు బొమ్మలో పది మెళకువలు చూపించిన చేయి వెనక వైపు తన ఆనవాలే లేకుండా చెయ్యాలి. ఈ రెండో పని మొదటిదానికన్నా తేలికేమీ కాదు.

రాజు, మంత్రి ముక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాటిని మెచ్చుకునేవాళ్లకి కొదవ లేదు. చాలా కట్టల్లో రాజు ముక్క మీద అవతారమూర్తి మండపంలోనో సింహాసనం మీదో పరివారంతో కనబడతాడు. మంత్రి ముక్క మీద ఆ హంగు తగ్గుతుంది. అంతర్వేది నరసింహస్వామిని ఏటేటా దర్శించుకునే మా కోనసీమవాళ్లకి ఆ మూర్తుల్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అయితే అవతారమూర్తిని గీయడానికి శిల్పంలో, పటంలో ముందునుంచీ దారి ఉంది. పది చేపల్ని గుండ్రంలో ఎలా సర్దాలో ఏ ఆలయ గోడా చెప్పదు. అది ఆట ఆడినవాడు, ఆట కోసం గీసినవాడు కలిసి తేల్చుకున్న సంగతి.

ఈ ముక్కల చరిత్ర పెద్దది. 1527లో బాబరు సింధులోని షా హసన్‌కి గంజీఫా పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అక్బరు కాలపు ఆటల గురించి అబుల్ ఫజల్ రాసినప్పుడు వీటికి చోటిచ్చాడు. రాజుల ఇళ్లలో ఏనుగు దంతం, తాబేటి చిప్ప మీద గీసిన కట్టలుండేవి. బజారులో గుడ్డవీ కాగితంవీ అమ్మేవారు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 19వ శతాబ్దంలో కొత్త కొత్త ఆటలే కల్పించాడు. మన దగ్గర ఈ పని నిర్మల్ నకాషీ చిత్రకారుల చేతుల్లో నడిచింది. పొనికి కర్ర బొమ్మలతో ఊరికి పేరు తెచ్చిన చేతులే గంజీఫా బిళ్లలూ గీశాయి. అచ్చుముక్కలు చవకగా వచ్చాక 120 బిళ్లలు చేత్తో గీయించుకునే స్తోమత ఎవరికి మిగులుతుంది? నిర్మల్‌లో బొమ్మలు, చిత్రాలు నిలిచాయి, గంజీఫా వెనకబడింది.

ఇప్పుడు ప్రపంచమంతా పిల్లలూ పెద్దలూ బొమ్మ ముక్కలు పోగుచేస్తున్నారు. 1993లో మేజిక్ ద గేదరింగ్, 1996లో జపాన్‌లో పోకెమాన్ ముక్కలు వచ్చాయి. వాటిలో దాదాపు ప్రతి బొమ్మ ముక్క మీదా చిత్రకారుడి పేరు చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తారు. అది నాకు ఎంతో నచ్చిన ఆచారం. నా మత్స్యం పది మీద పేరు లేదు. ఆ మాటకొస్తే ఉండే వీలూ లేదు. వెనక రాస్తే ఆట చెడుతుంది, ముందు రాస్తే పదకొండో గుర్తు అయి కూర్చుంటుంది. అట్టపెట్టె మూత లోపల రాయొచ్చు కదా అని మాత్రం అనిపిస్తుంది. అక్కడ ఖాళీ జాగా ఉంది.

మహారాష్ట్రలోని సావంత్‌వాడీలో ఈ పని దాదాపు ఆగిపోయిన దశలో, 1970ల మొదట్లో, అక్కడి రాజు శివరామ్ సావంత్ భోంస్లే, రాణి సత్వశీలాదేవి పట్టుబట్టి నిలబెట్టారు. పని తెలిసిన వృద్ధ చిత్రకారుడు ఒకాయన దగ్గర నేర్చుకుని, రాజమహల్లోనే చిత్రకారుల్ని కూర్చోబెట్టారు. ఆ కార్ఖానా కట్టలు ఇవాళా అమ్ముడవుతున్నాయి. కొనే ఉద్దేశం ఉంటే రాజు ముక్కలు పక్కన పెట్టి, తొమ్మిదీ పదీ తీయించుకుని, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. లెక్కపెట్టకుండా తేడా తెలిస్తే కట్ట మంచిది. తర్వాత రెండిటినీ బోర్లించి, ఏది ఏదో చెప్పగలరేమో ప్రయత్నించండి.