బొమ్మకీ బొమ్మకీ మధ్య జానెడు

హస్తకళల మేళాలో ఎవరూ నోరు విప్పకముందే బల్ల మీద బేరం మొదలైపోతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మల్ని పోగులు పోసి పెట్టిన స్టాలు దగ్గర ఆగినవాళ్లు "ఏదైనా ఒకటే రేటా?" అని అడుగుతారు. అవే బొమ్మల్ని జానెడు జానెడు ఎడంతో నిలబెట్టిన చోట, వంగి చూసి, "ఈ నునుపు ఎలా వచ్చిందండీ?" అంటారు. చేతిపనివాళ్లకు స్టాలు సర్దడంలో సాయపడుతూ మేళాల వెంట తిరిగే నాకు ఈ తేడా ప్రతిచోటా కనబడుతూనే ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెట్టిన మనిషి సాయంత్రం దాకా ధర దించుతూనే ఉంటాడు. రెండో ప్రశ్న వేస్తే, చెప్పడానికి ఆయన దగ్గర బోలెడంత ఉంటుంది.

ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పడతారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగారింపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా లాంటి చెట్టూ చేమల రంగుల్ని ఆ ఊళ్లో మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కొండపల్లి బొమ్మది ఇంకా పొడుగు కథ. తెల్ల పొనికి కర్రలో తడి పోయేదాకా సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆ తర్వాత గదా రంగులు!

ఇంత పనిని కుప్పలో పడేస్తే చూసేవాళ్లకు తోచేది ఒక్కటే, ఇవి ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయని. అచ్చులోంచి ఊడిపడిన ప్లాస్టిక్ బొమ్మలకి కుప్ప నప్పుతుంది, అవన్నీ నిజంగానే ఒకటే గనుక. చేత్తో చెక్కిన రెండు అంబారీ ఏనుగులు ఎప్పుడూ అచ్చంగా ఒకలా ఉండవు. ఒకదాని తొండం కాస్త ఎక్కువ వంగుతుంది, ఇంకోదాని మావటి కొంచెం పక్కకి చూస్తుంటాడు. ఆ తేడా కనబడేంత చోటు వాటి మధ్య ఉండాలి. అందుకే స్టాలు సర్దడాన్ని నేను అలంకారం కింద ఏనాడూ లెక్కకట్టలేదు. చేసిన పనికి కూలి దక్కేదీ దక్కనిదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఎగ్జిబిషన్ హాళ్లలో ఇచ్చే స్టాలు మామూలుగా మూడు మీటర్ల చదరం. అల్యూమినియం కమ్మీల మధ్య తెల్ల పలకలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, నెత్తి మీద రెండు మూడు లైట్లు. చాలామంది ఆ బల్లని ముందుకి లాగి, సరుకంతా దానిమీద పరిచి, వెనకాల కుర్చీలో కూర్చుంటారు. దారిన పోయేవాళ్లకి పది అడుగుల అవతలి నుంచి బల్లగుడ్డ అంచు తప్ప ఇంకేమీ కనబడదు. సరుకు కంటి ఎత్తుకి లేవాలి. ఈ విద్య మన ఇళ్లలో ఉన్నదే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లాళ్లని చూడండి. పై మెట్టు మీద దేవుళ్లు, దిగుతున్నకొద్దీ మనుషులూ పశువులూ, అడుగున ఊరూ అంగడీ. ఏ బొమ్మా ఇంకో బొమ్మ మొహానికి అడ్డం రాదు.

అయితే కొలువుని చూసి దండం పెట్టి వెళ్లిపోతాం. స్టాలులో చెయ్యి వెయ్యనివ్వాలి. పొనికి కర్ర ఎంత తేలికో అరచేతిలో పెట్టుకుంటే తప్ప తెలియదు. అందుకని పై మెట్లు కళ్లకి, ముందు అంచు చేతులకి అని పంచుకుంటాను. ముందు వరసలో గట్టి వస్తువులు, తిప్పి చూసే బొంగరాలు ఉంటాయి. రెండున్నర అడుగుల లోపు ఎత్తంతా పిల్లలది. అక్కడ "ముట్టుకోరాదు" అని అట్ట తగిలించిన స్టాళ్లు చూస్తే నాకు బాధేస్తుంది. బొమ్మలు చేసిందే వాళ్ల కోసం.

"మెట్లు ఎక్కణ్నుంచి తెమ్మంటారండీ?" అని చేతిపనివాళ్లు అడుగుతారు, అడగాల్సిన మాటే. సూరజ్‌కుండ్ మేళాకో ఢిల్లీ హాట్‌కో వెళ్లేవాళ్లు సరుకంతా రైల్లో మోసుకెళ్లాలి. పైగా హాట్‌లో పదిహేను రోజులకి స్టాలు ఇంకొకరికి మారుతుంది. షోకేసులు కొనే స్తోమత ఉన్నా అవి వాళ్లకి బరువే. సరుకు తెచ్చిన ట్రంకుపెట్టెలే వాళ్ల మెట్లు. పెద్దది అడుగున, చిన్నది పైన, మీద ముతక ఖద్దరు పరిస్తే చాలు. అట్టపెట్టెలు మాత్రం వద్దు, రెండో రోజుకి కుంగిపోతాయి.

పరిచే గుడ్డ రంగు దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. మెరిసే ఎర్ర శాటిన్ అంటే మనవాళ్లకి మోజు. చేర్యాల నకాషీ పటానికి నేలే ఎరుపు, ఎర్ర గుడ్డ మీద పెడితే పటం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. నల్లటి బిద్రీ మీద వెండి పని తెల్ల ఖద్దరు మీదే తేలుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీది దీనికి పూర్తిగా వ్యతిరేకం, సన్నటి వెండి తీగల మధ్య ఖాళీలు కనబడాలంటే వెనక ముదురు నీలమో నలుపో కావాలి. పోచంపల్లి ఇక్కత్‌ని మడతలు పెట్టి దొంతరగా పేర్చవద్దు, దండెం మీద వేయండి. నూలుకే ముందుగా రంగు కట్టి నేస్తారు గనుక డిజైను రెండు పక్కలా పడుతుంది. చుట్టూ తిరిగి చూసినవాళ్లు అచ్చు గుడ్డతో తేడా తమంతట తామే పట్టేస్తారు.

ఇక వెలుతురు. ఏ మేళాకి వెళ్లినా ముందు నేను నిమ్మలకుంట తోలుబొమ్మల కోసం వెతుక్కుంటాను. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులద్ది, నగల చోటల్లా సన్నటి చిల్లులు కొడతారు. తెర వెనక దీపం, రెంటి మధ్యా బొమ్మ. ఆ బొమ్మ పుట్టిందే అలా చూడడానికి. దాన్ని తెల్ల పలకకి ఆనించి తగిలించి, ఎదురు నుంచి లైటు వేస్తే రంగులు చచ్చిపోతాయి, చిల్లులు కనబడనే కనబడవు. పలకకి జానెడు ముందుగా తెల్ల గుడ్డ కట్టి, ఆ సందులో ఎల్‌ఈడీ పట్టీ అతికించి, బొమ్మని గుడ్డకి తగిలించండి. హాలు అవతలి కొసన ఉన్నవాళ్లు కూడా నడిచి వస్తారు.

లక్క బొమ్మలకి వేరే జాగ్రత్త కావాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, హాలోజన్ లైట్లు దగ్గర ఉండకూడదు. ఎల్‌ఈడీలలోనూ రంగుని ఉన్నదున్నట్టు చూపించే గుణానికి సీఆర్ఐ అనే కొలత ఉంది. అది 90కి పైన ఉన్న దీపాలే కొనమంటాను. నాసి దీపం కింద జాఫ్రా నారింజ మట్టిరంగులోకి దిగిపోతుంది, నీలిమందు నీలం వెలవెలబోతుంది. శిల్పారామం లాంటి ఆరుబయట చోట్ల ఆ బెంగ లేదు గానీ, సహజ రంగుల్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలేస్తే వెలిసిపోతాయి.

ఇవన్నీ కుదిరాక నేను తప్పనిసరిగా పెట్టించేది సగం అయిన పని. పొనికి మొద్దు, చెక్కిన కాలు, చిన్న గిన్నెలో మక్కు, పక్కన పూర్తయిన ఎడ్లబండి. ఒక మూలన కళాకారుడు తలవంచుకుని పని చేసుకుంటూ ఉంటే చూసేవాళ్లకి మొహమాటం పోతుంది, తీరిగ్గా నిలబడతారు. ధర చీటీ మీద ఊరి పేరు, కర్ర పేరు, పట్టిన రోజులు, చివర రూపాయలు రాయాలి. రాస్తే కొనేవాళ్లు పారిపోతారని జంకుతారు గానీ, ధర అడగడానికి సిగ్గుపడి ముందుకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

మేళా నడిపేవాళ్లనీ అడగాల్సినవి ఉన్నాయి. స్టాలుని ప్రారంభం రోజు పొద్దున కాక ముందురోజు మధ్యాహ్నానికే చేతికివ్వండి. స్టాలుకి నాలుగు చెక్క పలకలు, వెనక మూలన ఒక ప్లగ్గు ఇవ్వండి. ఒకే ఊరి కళాకారుల్ని ఒకే వరసలో పక్కపక్కన కూర్చోబెట్టకండి. కొండపల్లి వాళ్లు ఇద్దరు ఆనుకుని కూర్చుంటే, ఒకరికంటే ఒకరు ధర తగ్గించుకోక వాళ్లకి దారి ఉండదు.