గొంతు ఓటు, చేతి ఓటు

మూజువాణి ఓటు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది దానితోనే. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. లోపల ఏ పక్షం గొంతు ఎంత లేచిందో బయట ఎవరికీ వినపడలేదు. ఒక ప్రాంతం పండగ చేసుకుంది. రెండో ప్రాంతంలో "తలలు లెక్కపెట్టారా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్‌ది చేతుల సంప్రదాయం. ఏటా మే మొదటి ఆదివారం ఓటర్లు ఊరి మైదానంలో గుమిగూడి చట్టాలనూ, పన్ను రేటునూ అక్కడికక్కడే తేల్చుకుంటారు. ఓటు కార్డు పట్టుకుని చేతులెత్తుతారు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు వేదిక మీంచి చూసి, ఎటు మొగ్గుందో కంటి అంచనాతో చెప్పేస్తారు. అనుమానమొస్తే మళ్లీ ఎత్తమంటారు, తోటి మంత్రులనూ చూడమంటారు. అంతేగాని లెక్కపెట్టరు. ఆ తీర్పుపై అప్పీలు కూడా లేదు. 2006లో 25 పురపాలికలు మూడుగా మారింది ఇలాగే. ప్రభుత్వం ప్రతిపాదించింది పది; మైదానంలో ఓ పౌరుడు మూడు చాలన్నాడు, జనం సరేనన్నారు. దాన్ని తిరగదోడాలని మరుసటి ఏడాది కొందరు ప్రత్యేక సభ పెట్టించినా, చేతులు మళ్లీ మూడు వైపే లేచాయి.

రెండూ ఉజ్జాయింపులే. ఒకచోట చెవిని నమ్ముతారు, ఇంకోచోట కంటిని. అయితే పదిమంది కేకలో వందమంది గొణుగుడు కలిసిపోతుంది. చేతికి ఆ సౌకర్యం లేదు. ఎంత ఆవేశపరుడిదైనా అది ఒక్క చేయే. పోనీ చేయి నిజమే చెబుతుందా అంటే, మన ఎంపీపీ ఎన్నికలు చూడండి. ఎంపీటీసీలు క్యాంపు నుంచి బస్సులో తిన్నగా మండల ఆఫీసుకు వస్తారు, విప్ చెప్పినవైపు చేయెత్తుతారు. ధిక్కరిస్తే పదవికే ముప్పు. మూజువాణిలో గుంపు చాటున గొంతు దాచుకోవచ్చు, చేయి దాచడం కుదరదు.

గొంతు ఓటును ప్రాచీన స్పార్టా మనకన్నా జాగ్రత్తగా వాడుకుంది. పెద్దల సభకు పోటీపడేవాళ్లు జనం ముందు ఒక్కొక్కరే మాట్లాడకుండా నడిచివెళ్లేవారు, జనం కేకలేసేవారు. ఏ కేక పెద్దదో తేల్చేవాళ్లను పక్కనే ఓ గదిలో మూసిపెట్టేవారని ప్లూటార్క్ రాశాడు. నడుస్తున్నదెవరో వాళ్లకు తెలియదు. అరిస్టాటిల్ దీన్ని పిల్లచేష్టగా తీసిపారేశాడు గానీ నాకైతే ముచ్చటేస్తుంది. మన స్పీకర్‌కు అరిచేదెవరో కనిపిస్తూనే ఉంటుంది కదా! ఏథెన్స్ మాత్రం చేతినే నమ్ముకుంది. దాని తిప్పలు దానివి: క్రీ.పూ. 406లో సేనాపతులపై విచారణ జరుగుతుండగా పొద్దుపోయింది, చేతులు కనపడవని సభను వాయిదా వేసుకున్నారు.

స్పార్టాలోనూ చెవి చాలని రోజొకటి వచ్చింది. క్రీ.పూ. 432లో ఏథెన్స్‌పై యుద్ధం సంగతి తేల్చాల్సినప్పుడు, ఏ కేక పెద్దదో తెలియడంలేదంటూ సభ నడిపిస్తున్న అధికారి స్థెనెలైదాస్ జనాన్ని రెండు వైపులకు విడిపోయి నిలబడమన్నాడు. మన సభల్లో డివిజన్ అంటే అదే. మూజువాణి ఫలితాన్ని సభ్యులు ఒప్పుకోకపోతే ఓట్లు లెక్కపెట్టాలి.

ఇక్కడే నాకు గ్లారుస్ మీద కొంచెం అసూయ. వాళ్లకు లెక్కపెట్టే ఏర్పాటే లేదు, అయినా ఓడినవాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు. ఎందుకంటే అతనూ అదే మైదానంలో నిలబడి చుట్టూ చూశాడు. మనకు లెక్కపెట్టే నిబంధన ఉంది, గొడవా ఉంది. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షం డివిజన్ కోరితే, సభ్యులు తమ స్థానాల్లో లేరంటూ మూజువాణితోనే ముగించారు. మరుసటి ఏడాది ఆ చట్టాలే రద్దయ్యాయి.

పేచీ లేని సంతాప తీర్మానానికో, పద్దుకో మూజువాణి చక్కగా సరిపోతుంది. విభజన బిల్లులాంటి దానికి అది చాలలేదు.